పసుపు విమానం, వంటాముదం

నా మనవడికి పాత ఇనుము పిచ్చి. ఈడొచ్చిన పిల్లలు సినిమాలకి పోతారు, షికార్లకి పోతారు. వీడు సెలవొస్తే చాలు, మెడలో కెమెరా వేలాడేసుకుని, ఏ షెడ్డులో బొగ్గింజను తుప్పు పడుతోందో, ఏ ఊళ్ళో పాత విమానాన్ని దిమ్మె మీద నిలబెట్టారో వెతుక్కుంటూ పోతాడు. వాడికి తోడు అలాంటి వాళ్ళే ఇంకో పదిమంది. రైలింజను కూత రికార్డు చేసుకొచ్చి పాట విన్నట్టు కళ్ళు మూసుకుని వింటారు. ఆ బొగ్గు నుసి కళ్ళల్లో పడి ఏడ్చిన వాళ్ళం మేము. ఇప్పుడు దానికి హారతులు పడుతున్నారు. ఎవడి పిచ్చి వాడికి ఆనందం అని ఊరుకుంటాను.

మొన్న నన్ను కూడా లాక్కుపోయాడు. "ఒక్క అరగంట అమ్మమ్మా, కార్లోనే కూర్చో" అన్నాడు. వాడి అరగంట సంగతి నాకు తెలుసు. మోకాళ్ళు పట్టేస్తాయని దిగి, వాళ్ళ వెనకే గడ్డిలో నడిచాను. నాలుగు పాత విమానాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. చివరిది చిన్నది, పసుపు రంగుది. ముక్కు మొద్దుగా ఉంది. రెక్కల కింద పొడుగ్గా ఒక గొట్టం, ఆ గొట్టం పొడుగునా చిన్న చిన్న రంధ్రాలు. చూడగానే రెండడుగులు వెనక్కి వేశాను.

"ఆ రెక్క కింద నిలబడు అమ్మమ్మా, ఫోటో భలే వస్తుంది."

"నేను నిలబడను."

"ఏం చెయ్యదు, దాంట్లో ఇంజనే లేదు."

"ఇంజను లేకపోతే నాకెందుకురా, మొహం అదేగా!"

కెమెరాల వాళ్ళంతా నవ్వారు. వాళ్ళల్లో ఒక గడ్డం కుర్రాడు మాత్రం నవ్వకుండా దగ్గరికొచ్చి, "ఇది పొలాల మీద మందు చల్లే విమానం మేడమ్. మీరు ఇది ఎగరగా చూశారా?" అని అడిగాడు. దేవుణ్ణి చూశావా అని అడిగినట్టు అడిగాడు పాపం. చూశాను నాయనా, అని మాత్రం అన్నాను. వెళ్ళి కార్లో కూర్చుని అద్దాలు ఎత్తేసుకున్నాను. డెబ్బై దాటినదాన్ని, ఎండలో నిలబెట్టిన ఇనపడబ్బాని చూసి భయపడడమేమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

మా ఊరు ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. పడమటి గాలి తోలితే వరి వాసన, తూర్పు గాలి తోలితే ఎండు మెత్తళ్ళ చేపల వాసన. మధ్యలో ఉన్న సరివితోపు రెండు గాలులకీ హోరుమనేది. మా ఇంట్లో నాయన, అమ్మ, నాయన్ని కన్న మా జేజి, నాయన తమ్ముడు చిన్నాయన, నేను. చిన్నాయనకి ఇరవై ఏళ్ళుంటాయి, నాకు పది. చిన్నాయన గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు మనిషి. ఇంట్లో ఎవరు తిట్టినా నవ్వేవాడు. ఆ నవ్వు చూసి జేజికి ఇంకా ఒళ్ళు మండేది. అలాగని ఆయన అన్నానికి కాస్త ఆలస్యమైతే వీధిలోకొచ్చి నిలబడేది కూడా ఆవిడే.

ఆ ఏడు మొలగొలుకుల వరి పొట్ట మీద ఉండగా, రసం పీల్చే సుడిదోమ పడింది. పచ్చటి కయ్య, అదే మడి, నడిమధ్యన, ఎవరో వేడి వేడి డేగిశా దించినట్టు, గుండ్రంగా ఎండిపోయేది. పొద్దున చాటంత ఉన్నది సాయంత్రానికి కళ్ళమంత అయ్యేది. నాయన పొలం నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టి లేచిపోయేవాడు. ఏడాది గింజలన్నీ ఆ కయ్యల్లోనే ఉన్నాయి మరి.

అప్పుడు దండోరా వేశారు. సర్కారు విమానం వచ్చి మందు కొడుతుందనీ, బావుల మీద తడికెలు కప్పుకోవాలనీ, గొడ్లని పొలానికి తోలొద్దనీ. ఊరంతా సముద్రపు ఒడ్డున ఉన్న చవిటి నేలకి పరిగెత్తాం. గడ్డి కూడా మొలవని ఆ గట్టి నేలే విమానానికి దిగే చోటు. కొబ్బరికాయలు కొట్టారు. దాని ముక్కుకి పసుపు రాయబోయిన ముసలమ్మని దానితో వచ్చిన మనుషులు పట్టి ఆపారు. నడిపేవాడు ఉత్తరాది మనిషి, ఒక్క ముక్క తెలుగు రాదు. వాడి మొహం చూసి జాలిపడి మా జేజి గిన్నెడు పులిబొంగరాలు, ఎర్రకారం పంపింది. కారం నోట్లో పెట్టుకుని వాడు ఒకటే ఎగురుడు. "అంత విమానం తోలతాడు, ఇంత కారం తినలేడా!" అని జేజి బుగ్గలు నొక్కుకుంది. మేం పిల్లలం ఆ సందులో విమానం పొట్ట కిందకి దూరి, గొట్టం నుంచి కారిన చుక్కని వేలితో తాకి వాసన చూశాం. కిరసనాయిలూ కుళ్ళినదేదో కలిసిన వాసన. వేలు ఇసకలో ఎంత రుద్దుకున్నా మర్నాటికి గానీ పోలేదు.

సంబరం అంతవరకే. జెండా పట్టే మనుషులు కావాలన్నారు. విమానం ఏ వరసన పోవాలో పైనున్న వాడికి తెలియదు కదా. అందుకని తెల్ల గుడ్డ కట్టిన వెదురుగడ పట్టుకుని పొలం చివర గెనెం గట్టు మీద ఒకడు నిలబడాలి. విమానం ఆ జెండాకేసి సూటిగా, మనిషి తలకి కాస్త పైగా వస్తుంది. దాటిపోయాక వాడు కొన్ని అడుగులు పక్కకి జరిగి మళ్ళీ నిలబడాలి. మా ఊరి నుంచి ముగ్గురిని తీసుకున్నారు. పొడుగు చూసి మొదట మా చిన్నాయన్నే పిలిచారు, మిగతా ఇద్దరి వంతు తర్వాత.

"ఏందిరా అబ్బయా, నెత్తి మీదకే వస్తాదా? పైన అంత ఆకాశం పెట్టుకోని!" అంది జేజి.

"నన్ను చూసే వస్తాది మా. నేను నిలబడకుంటే దానికి దోవే తెలీదు" అన్నాడు చిన్నాయన, ఆ విమానం తనదే అయినట్టు.

"మందు ఒంటి మీద పడతాది గదరా."

"పడితే కడుక్కుంటా."

"కడుక్కుంటే పోతాదంట! కంద కోసేటప్పుడు చేతులకి నూనె ముందు రాసుకుంటామా, దురదెత్తినాక రాసుకుంటామా? పనసకాయ కోసేటప్పుడో? నూనె మీద ఏదీ నిలవదు, జారిపోతాది."

ఎవరు కాదంటారు ఆ మాటని? మా వైపు ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. కుప్ప నూర్చేవాళ్ళు కూడా వరినుసి గుచ్చకుండా ఒళ్ళంతా నూనె పూసుకునే దిగేవాళ్ళు. జేజి ఆ రోజంతా కూర్చుని ఆముదపు గింజలు వేయించింది. రోట్లో వేసి దంచింది. కుండలో నీళ్ళు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెని గరిటెతో దేవి జాడీలోకి పోసింది. ఇల్లంతా ఆ వంటాముదం ఘాటైన, చిక్కటి వాసన.

తెల్లవారుజామున, గాలి లేవకముందే మందు కొట్టాలి. చిన్నాయన్ని పీట మీద కూర్చోబెట్టి జేజి చేతులకి, గుండెకి రాసింది. వీపు నాకు అప్పగించింది. "బాగా మర్దించమే, రవ్వంత కూడా పొడిగా ఉండకూడదు" అంది. చక్కిలిగిలి పెట్టి నవ్వించాను. ఆ నవ్వుకి జేజి ఇద్దరికీ చెరో మొట్టికాయ వేసింది.

సరివితోపు చివర నిలబడి చూశాం. ముందు హోరు వచ్చింది, తర్వాత అది కనిపించింది. సముద్రం వైపు నుంచి తాటిచెట్ల కంటే కిందుగా, వెన్నుల్ని ఒరుసుకుంటూ, చిన్నాయన మీదకే వస్తోంది. దాని ముక్కు క్షణక్షణానికీ పెద్దదవుతోంది. చిన్నాయన కదలడేం? జేజి నా భుజంలోకి గోళ్ళు దించి కళ్ళు మూసేసుకుంది.  అది జెండా మీదుగా దూసుకుపోయింది, వెనకాలే తెల్లటి పొగమంచు కయ్య మీదా చిన్నాయన మీదా దిగింది.

"తల ఉండాదా?" అంది జేజి, కళ్ళు తెరవకుండా.

"ఉండాది జేజీ."

మళ్ళీ వచ్చింది. "తల ఉండాదా?" "ఉండాది." ఇరవైసార్లో, ముప్పైసార్లో. ప్రతిసారీ ఆవిడ అడగడం, నేను చెప్పడం. ఒకసారి మంచు దిగేదాకా మనిషి కనపడలేదు. నేను జవాబు చెప్పలేక గుక్క పట్టేశాను. తర్వాత జెండా పక్కకి జరగడం చూసి, ఉండాది ఉండాది అని అరిచాను.

చిన్నాయన ఇంటికొచ్చేసరికి తడిసి నిగనిగలాడుతున్నాడు, ఆ వాసనతో. తొట్టి దగ్గరికి పోబోతే జేజి అడ్డం నిలబడింది. "నీళ్ళు పోసుకోబాక. నూనె పోతే రేపటికి ఏం కాపు?" విషానికి విరుగుడని గ్లాసుడు వేడి పాలల్లో గరిటెడు నెయ్యి వేసి తాగించింది. సాయంత్రం కాలవలో చేపలు వెల్లకిలా తేలాయి. కొంగలు కూడా ఒకటీ రెండూ గెనెం పక్కన పడి ఉన్నాయి. జేజి చూసి నిట్టూర్చి, "నూనె రాసేవాళ్ళు లేక పోయినాయి పాపం" అంది.

మర్నాడు చిన్నాయన తల దిమ్ముగా ఉందన్నాడు. విమానం హోరుకే అనుకున్నాం అందరం. జేజి "ఈ పొద్దు పోబాకరా" అంది. "ఈ పొద్దు కొట్టేది మన కయ్యలే మా. ఇంకెవుర్నో నిలబెడితే వంకర టింకరగా కొట్టిస్తాడు. అన్న మొగం చూసినావా అసలు?" అన్నాడు. అన్నం మానేసిన నాయన మొహం అందరం చూస్తూనే ఉన్నాం. జేజి లోపలికి పోయింది. జాడీ తెచ్చి నిన్నటికి రెట్టింపు నూనె రాసింది, తలకి కూడా. వీపు మళ్ళీ నేనే రుద్దాను. నిన్న సరిగ్గా రుద్దలేదేమో, అందుకే తలనొప్పి వచ్చిందేమో అని భయం నాకు. ఈసారి నవ్వించకుండా రెండు చేతులా శక్తి కొద్దీ ఇంకేట్టు రుద్దాను.

విమానం పని ముగించుకుని సముద్రం వైపు పోయింది. "తల ఉండాదా?" "ఉండాది జేజీ, వస్తా ఉండాడు!" జెండా భుజాన వేసుకుని గెనెం మీద నడిచొస్తున్నాడు. నేను ఎదురు పరిగెత్తాను. దగ్గరికొచ్చాక చూస్తే ఎడమ చెయ్యి తనంతట తను ఎగిరెగిరి పడుతోంది. చిన్నాయన ఆ చేతికేసి వింతగా చూసుకున్నాడు. "ఏందమ్మే ఇది" అన్నాడు. అనడం అనడమే నిలువునా పడిపోయాడు. పళ్ళు గిట్టకరుచుకున్నాయి. కళ్ళు తేలేశాడు. కాళ్ళు చేతులు కొట్టుకుంటున్నాయి. పట్టుకోబోయిన నా మణికట్టు ఆయన పిడికిట్లో చిక్కుకుంది. ఎముక విరుగుతుందనుకున్నాను. చిన్నాయన చచ్చిపోతున్నాడనీ, నన్ను కూడా తీసుకుపోతున్నాడనీ అనుకున్నాను. ఆ భయం ఎంతని చెప్పను! అరిచానో లేదో కూడా నాకు తెలియదు.

విమానంతో వచ్చిన జీపులోనే నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. పిడికిలి ఊడి రాక నన్ను కూడా ఎక్కించారు. జేజి జీపు వెనక పరిగెత్తి ఎక్కడో పడిపోయింది. దారంతా నాయన "అబ్బయా, అబ్బయా" అంటూనే ఉన్నాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆయన ఒంటి మీద చెయ్యి వేసి, వేళ్ళు రాసుకుని చూసింది. "నూనె ఎవరు పూశారు?"

నాయన నా వైపు చూశాడు. నేను చెప్పాను. "మా జేజి. వీపు నేను."

ఆవిడ ముందు ఇద్దరు నర్సుల్ని పిలిచి సబ్బు పెట్టి కడిగించింది. మూడుసార్లు కడిగించింది. సూదులు వేసింది. పిడికిలి వదులైంది. అప్పుడు నాయన్ని పక్కకి పిలిచి చెప్పింది, నేను ఆయన పంచె పట్టుకునే ఉన్నాను. "ఈ మందు నూనెలో కరుగుతుందయ్యా. పొడి చర్మమైతే చాలావరకు కడిగితే పోయేది. మీరు నూనె పూసి లోపలికి దోవ చూపించారు. పాలూ నెయ్యీ కూడానా! ఇంకో పూట ఆగి ఉంటే నేను చేసేదేం లేదు."

నేను నా చేతులు చూసుకున్నాను. ఇంకా జిడ్డుగానే ఉన్నాయి.

మూడో రోజుకి చిన్నాయన నన్ను గుర్తుపట్టాడు. ఆ రోజు బస్సులో ఊరికి తిరిగొస్తూ నాయన నన్ను దగ్గరికి తీసుకుని, "ఆ డాక్టరమ్మ చెప్పిన మాట మీ జేజికి చెప్పబాకమ్మా. ఆమె ఇన్నదంటే బతకదు. మీ చిన్నాయనకీ వద్దు, వాడి నోట్లో నువ్వుగింజ నానదు" అన్నాడు. సరేనని తల ఊపాను. పదేళ్ళ పిల్లకి అంత మాట మొయ్యడం ఏమంత తేలికా?

మిగతా ఇద్దరూ భయపడి జెండా ముట్టలేదు గానీ, మా కయ్యల్లో వరి నిలబడింది. పదిహేను రోజులకి చిన్నాయన ఇంటికొచ్చాడు. ఎడమ చెయ్యి మాత్రం సన్నగా వణుకుతూ అలాగే ఉండిపోయింది. జేజి వచ్చినవాళ్ళకల్లా చెప్పేది, "నా ఆముదమే కాపాడింది నా బిడ్డని. అది గాని రాయకుంటే ఆ చేపల మాదిరి తేలేవాడు" అని. నాయన లేచి బయటికి పోయేవాడు. నేను మాత్రం ఎక్కడికి పోను? ఆవిడ చెబుతూ చెబుతూ నన్ను దగ్గరికి లాక్కుని, "వీపు రుద్దింది ఇదే" అని నా తల నిమిరేది.

మరుసటేడు దోమ మళ్ళీ పడింది. మళ్ళీ దండోరా. నాయన ఎడ్లు కొనడానికి కొడవలూరు వైపు పోయి ఉన్నాడు. ఆ సాయంత్రం ముగ్గురు తల్లులు గిన్నెలు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. ఈసారి జెండా వాళ్ళ కొడుకులది.

"నీ చేత్తో చేసిన ఆముదం ఇంత పొయ్యి పెద్దమ్మా. నీ బిడ్డని బతికించుకున్నావు, మా పిలకాయల్ని కూడా కాపాడు తల్లీ."

"రేపు తెల్లార్తో రండి. ఈ పొద్దే కాస్తా ఉండా. మీ బిడ్డలు నా బిడ్డలు గాదా?" అంది జేజి.

గింజలు దంచుతుంటే ఆ చప్పుడు నా గుండెల్లో పడేది. చెప్పేద్దామని రెండుసార్లు దగ్గరికి పోయాను. ఆవిడ చెమట తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నోరు మూతపడింది. ఆ తల్లులకి చెబితే? మా ఊళ్ళో మాట ఆ ఇంటి నుంచి ఈ ఇంటికి రావడానికి ఎంతసేపు! పడుకున్నా నిద్ర లేదు. కళ్ళు మూస్తే నా మణికట్టు మీద ఆ పిడికిలే.

తెల్లవారుతూనే ఆ తల్లులు వచ్చి వాకిట్లో కూర్చున్నారు. జేజి జాడీ తెచ్చి అరుగు మీద పెట్టి, గరిటె కోసం లోపలికి పోయింది. నేను జాడీని రెండు చేతులా ఎత్తాను. ఎత్తి, వాళ్ళందరూ చూస్తుండగానే రోటికేసి కొట్టాను.

జేజి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. నూనె వాకిలంతా పారి పేడకుప్ప దాకా పోయింది. చెయ్యి జారిందని అబద్ధమైనా ఆడలేదు నేను. చింతబరికెతో కొట్టింది చూడండి, అంతకు ముందు ఎన్నడూ నా మీద చెయ్యి చేసుకోని మనిషి! "కొవ్వెక్కిందా నీకు? ముగ్గురు తల్లుల ఉసురు పోసుకుంటావంటే పాపిష్టిదానా!" అమ్మ అడ్డమొచ్చి లాక్కుపోయేదాకా కొట్టింది. ఆ తల్లులు శాపనార్థాలు పెడుతూ పొడి ఒళ్ళతోనే కొడుకుల్ని పంపుకున్నారు.

అక్కడికి భయం తీరలేదు, రెట్టింపైంది. వాళ్ళకి ఏమన్నా అయితే? డాక్టరమ్మ చెప్పింది తప్పయితే? బట్టల సబ్బు ఒకటి దొంగిలించి లంగా కుచ్చిళ్ళలో దోపుకుని బోరింగు దగ్గర కాపు కాశాను. ముగ్గురూ రాగానే, "విమానం అయ్యోరు పంపినాడు, ఇది పెట్టి మూడుసార్లు రుద్దుకోమన్నాడు, లేకుంటే కూలి ఇయ్యడంట" అని కోసేశాను. సబ్బు అరిగిపోయేదాకా వాళ్ళు రుద్దుకుంటుంటే పంపు కొట్టింది కూడా నేనే. సాయంత్రం దాకా ఆ మూడిళ్ళ చుట్టూ తిరిగాను. ఒకడు అన్నం తింటున్నాడు, ఒకడు గోలీలాడుతున్నాడు, మూడోవాడు నన్ను చూసి "నూనె పారబోసిన పిల్ల" అని రాయి విసిరాడు. ఆ రాయి తగిలి మోకాలు చిట్లినా ఇంటికి నవ్వుకుంటూ వచ్చాను.

జేజి ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. నన్ను క్షమించింది గానీ మర్చిపోలేదు. నాకు పెళ్ళయినా, పిల్లలు పుట్టినా, నేను జాడీ పగలగొట్టిన కథ చెప్పడం మానలేదు. చివర్లో మంచాన పడితే చూడ్డానికి పోయాను. చిన్నాయన అరవైకి దగ్గర పడ్డాడు, ఆ వణికే చేత్తోనే తల్లికి గంజి తాపుతున్నాడు. ఆయన లేచి పోయాక జేజి నన్ను దగ్గరికి రమ్మంది.

"ఇప్పుడన్నా చెప్పవే. ఎందుకు పగలగొట్టినావు?"

నాయన అప్పటికే పోయాడు. డాక్టరమ్మ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నోటి దాకా వచ్చింది.

"బుద్ధి లేక జేజీ."

"నా బిడ్డని కాపాడుకున్నా. అడిగొచ్చిన ఆ ముగ్గురు పిలకాయలకి మాత్రం చుక్క పొయ్యలేకపోయినా. ఆ ఒక్కటీ నన్ను కొరికి తింటాది."

"వాళ్ళకేం కాలేదు గదా జేజీ. ముగ్గురూ పిల్లాపాపలతో ఉన్నారు."

"అది దేవుడి చలవ. నీది గాదు" అంది.

"అవును జేజీ, దేవుడి చలవే" అన్నాను. దుప్పటి సరిచేసి, ఆవిడ నిద్రపోయేదాకా పక్కనే కూర్చున్నాను.